ఆర్మ్‌రెస్టులు ఊడదీసి చూడు తమ్ముడూ, చెయిర్ సంగతి తర్వాత

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్ళు, నిజాంపేటలో ఉంటా, సాఫ్ట్‌వేర్ జాబ్, వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే పని. రెండేళ్ళ కింద ఆఫర్ ఉందని గేమింగ్ చెయిర్ కొన్నా. ఆరు నెలల నుంచి గిటార్ నేర్చుకుంటున్నా, పెద్ద సైజు అకౌస్టిక్, అదే చెయిర్లో కూర్చుని అదే టేబుల్ ముందు వీడియోలు చూస్తూ. అరగంట అయ్యేసరికి కుడి భుజం పట్టేస్తోంది, వీపు మధ్యలో మంట. గిటార్ ఎటు పెట్టుకున్నా చెయిర్ హ్యాండిల్‌కి కొట్టుకుంటోంది. గది 10 బై 11, మంచం పోగా ఇంకో కుర్చీకి చోటు లేదు. మా అమ్మేమో కింద కూర్చుని వాయించుకోరా అంటుంది. నా హైట్ 5 అడుగుల 4 అంగుళాలు, కుడిచేతి వాటం. 12 వేల లోపు పనికీ గిటార్‌కీ రెండిటికీ సరిపోయే చెయిర్ ఏది కొనమంటావ్? ఇంకోటి, ఫోన్లో రికార్డ్ చేస్తే చెయిర్ కిర్రుకిర్రుమంటూ వినబడుతోంది, దానికేం చేయాలి?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరంలో జవాబు నువ్వే రాసేశావ్, "హ్యాండిల్‌కి కొట్టుకుంటోంది" అన్న ముక్కలోనే ఉంది అంతా. నా దగ్గర సాయంత్రాలు గిటార్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా నీలాగా ఇంట్లో పని చేసుకునే వాళ్ళే, అందరిదీ ఇదే గోల, క్లాసులో నా దగ్గరుండే చెక్క కుర్చీలో కూర్చుంటే బాగా వస్తుంది అక్కా ఇంటికెళ్తే రాదు అంటారు, వాళ్ళు అనుకునేది నేను పక్కన ఉండటం వల్ల అని, నిజానికి నా గొప్పేం లేదు, ఆ కుర్చీకి చేతులు లేవు అంతే.

అసలు ఏం జరుగుతోందో ఒకసారి చెప్తా, అద్దం ముందు కూర్చుని చూసుకో. నీది పెద్ద సైజు అకౌస్టిక్ అన్నావ్ కాబట్టి డ్రెడ్‌నాట్ అయ్యుంటుంది, కింది పొట్ట దగ్గర దాదాపు 16 అంగుళాల వెడల్పు, మందం దగ్గర దగ్గర 5 అంగుళాలు. ఆ పేరే ఒక బ్రిటిష్ యుద్ధనౌకది, 1916లో మార్టిన్ కంపెనీ వాళ్ళు ఈ ఆకారం మొదటిసారి చేసినప్పుడు దాని సైజు చూసి ఆ పేరు పెట్టారు, అంత ఓడని తీసుకొచ్చి రెండు హ్యాండిల్స్ మధ్య 20 అంగుళాల సందులో పార్క్ చేయాలని చూస్తున్నావ్ నువ్వు. అది పట్టదు. పట్టక ఏం చేస్తుందంటే, గిటార్ వెనక భాగం కుడి హ్యాండిల్‌కి తగిలి ముందుకి జరుగుతుంది, ముందుకి జరిగిన గిటార్ మీదకి నీ కుడి చెయ్యి పైనుంచి రావాలి కాబట్టి భుజం చెవి దాకా ఎత్తుకుంటావ్, ఎడమ మోచెయ్యి కిందికి వదులుగా వేలాడాల్సింది పోయి అటువైపు హ్యాండిల్ మీద ఆనుకుని ఇరుక్కుంటుంది, ఎఫ్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టినప్పుడు మణికట్టు విరిగినట్టు వంగుతుంది చూడు, అందులో కొంత పాపం దానిదే. ఇదంతా తప్పించుకోడానికి నువ్వు చెయిర్ అంచుకి వచ్చి ఏటవాలుగా కూర్చుంటావ్, అప్పుడు వీపుకి ఆసరా ఉండదు, నడుం మెలికపడి ఉంటుంది, అరగంట. మంట రాకపోతే ఆశ్చర్యపోవాలి.

గేమింగ్ చెయిర్లో ఇంకో తిరకాసు ఉంది. రేసు కారు సీటు లాగా తొడలకి రెండు పక్కలా అంచులు లేచి ఉంటాయి కదా, అవి నీ తొడల్ని దగ్గరికి నొక్కి పెడతాయి. గిటార్ వాయించేటప్పుడు కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, కుడి తొడ మీద గిటార్ నడుము వంపు ఆనించుకోవాలి, ఆ అంచులుంటే అది కుదరదు, గిటార్ జారి మోకాలి మీదకి వచ్చేస్తుంది. అందుకే హ్యాండిల్స్ తీసేసినా నీ చెయిర్ సగమే బాగుపడుతుందని ముందే చెప్పేస్తున్నా, కానీ ఆ సగం ఫ్రీగా వస్తుంది కదా, ముందు అది చేసి చూడు.

చెయిర్ బోర్లా తిప్పి చూడు. సీటు అడుగున హ్యాండిల్ ఒక ఇనుప పట్టీతో బిగించి ఉంటుంది, ఒక్కో వైపు రెండు గానీ మూడు గానీ బోల్టులు, అలెన్ కీతో వచ్చేస్తాయి, చెయిర్‌తో పాటు ఇచ్చిన కీ ఎక్కడో డ్రాయర్లో పడి ఉంటుంది, లేకపోతే హార్డ్‌వేర్ షాపులో సెట్ దొరుకుతుంది. పది నిమిషాల పని. తీసేశాక ఖాళీగా ఉన్నాయి కదా అని ఆ బోల్టుల్నే మళ్ళీ ఆ రంధ్రాల్లో బిగించొద్దు, పట్టీ మందం పోయింది కాబట్టి అవి ఆ మేరకి లోపలికి దిగి ఫోమ్‌లో పొడుచుకుంటాయి, కూర్చున్నప్పుడు తెలుస్తుంది ఎక్కడ పొడిచిందో.

ఒక్కటి మాత్రం విప్పే ముందు చూసుకో, వీపు భాగం దేనికి బిగించి ఉందో. కొన్ని చెయిర్లలో వీపుకి విడిగా కమ్మీ ఉండదు, హ్యాండిల్సే వీపునీ సీటునీ కలిపి పట్టుకుంటాయి. ఇది నాకెలా తెలుసంటే, నాలుగేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక నెట్ చెయిర్ కొన్నా, ఇంటికి తెచ్చి మహా ఉత్సాహంగా నేలమీద పడేసి బోల్టులు ఒక్కోటి విప్పుతున్నా, మా అమ్మాయి టార్చ్ పట్టుకుంది, ఆఖరి బోల్ట్ రాగానే ఎడమ చేతిలో ఒక హ్యాండిల్, కుడి చేతిలో ఇంకోటి, రెండిటి మధ్యలో వీపు మొత్తం తోరణంలా వేలాడుతోంది, కింద సీటు ఒక్కటే మిగిలింది. "అమ్మా స్టూల్ అయిపోయింది" అంది అది. నిజం చెప్పాలంటే దాన్ని వారం పాటు అలాగే వాడా గిటార్‌కి, బాగానే ఉంది కూడా, ఆఫీసు పనికి మాత్రం వీపు లేక చచ్చాను, మళ్ళీ బిగించేశా. నీ గేమింగ్ చెయిర్లో మామూలుగా వీపుకి సీటు పక్కనే విడిగా ఇనుప బిగింపు ఉంటుంది కాబట్టి ఈ గొడవ ఉండదు, అయినా చూసుకుని చెయ్.

ఇప్పుడు ఎత్తు సంగతి. చెయిర్ కొనేవాళ్ళు ఎవరూ దీన్ని పట్టించుకోరు, పట్టించుకోవాల్సింది ఇదే. పనికి కావాల్సిన ఎత్తు వేరు, గిటార్‌కి కావాల్సిన ఎత్తు వేరు. మన దగ్గర టేబుళ్ళు దాదాపు అన్నీ 75 సెంటీమీటర్లు, అంటే సుమారు 30 అంగుళాలు. టైప్ చేసేటప్పుడు మోచేతులు టేబుల్ ఎత్తులో ఉండాలంటే నీ హైట్‌కి సీటు 52 సెంటీమీటర్ల దాకా పైకి లేపాలి. నీ మోకాలి కింది కాలు పొడవు ఉండేది 41, 42. అంటే పని చేసేటప్పుడు నీ కాళ్ళు గాల్లో ఉండాలి లేదా నువ్వు చెయిర్ దించుకుని భుజాలు ఎత్తుకుని టైప్ చేస్తూ ఉండాలి, నా లెక్క ప్రకారం నువ్వు రెండోది చేస్తున్నావ్. కాబట్టి ఆ భుజం నొప్పి మొత్తం గిటార్ మీద తోసేయకు, పొద్దుట్నుంచీ ఎత్తుకునే ఉన్న భుజం సాయంత్రం గిటార్ పట్టుకోగానే అరిచిందంతే.

గిటార్‌కి దీనికి రివర్స్. తొడలు నేలకి సమానంగా ఉండాలి, ఇంకా చెప్పాలంటే మోకాళ్ళు తుంటి కన్నా ఒక వేలు పైకి ఉంటే గిటార్ ఒళ్ళోకి జారి కుదురుకుంటుంది, కిందికి ఉంటే బయటికి జారిపోతుంది, జారకుండా ఎడమ చేత్తో గిటార్ మెడ పట్టుకుంటావ్, కార్డులు మార్చాల్సిన చెయ్యి గిటార్ మోయడానికి పోతుంది. నీకు 41, 42 దగ్గర సీటు ఉండాలి. అందుకే నువ్వు కొనే చెయిర్‌కి హైడ్రాలిక్ కనీసం ఈ రెండిటి మధ్య తిరగాలి, షాపువాడిని "ఎంత కిందికి దిగుతుంది" అని అడుగు, వాడు ఎంత పైకి లేస్తుందో చెప్తాడు, మళ్ళీ అడుగు. గేమింగ్ చెయిర్లు మందం ఫోమ్ వల్ల చాలావరకు 45కి కిందికి రావు, పొట్టివాళ్ళం మనకి అదో శాపం.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. మీ అమ్మగారిని పీట అడుగు. నవ్వకు. మా అమ్మమ్మది టేకు పీట ఒకటి నా టేబుల్ కింద ఉంటుంది, కొలిచా కూడా, మూడున్నర అంగుళాల ఎత్తు. పగలు సీటు పైకి లేపి పాదాలు రెండూ దాని మీద పెట్టుకుంటా, ఆ 10 సెంటీమీటర్ల లోటు దాంతో దాదాపు తీరిపోతుంది. సాయంత్రం సీటు కిందికి దించేసి కుడి పాదం ఒక్కటే దాని మీద పెట్టి గిటార్ కుడి తొడ మీద పెట్టుకుంటా, తొడ కాస్త లేచి గిటార్ గుండెకి దగ్గరికొస్తుంది, వంగి చూడాల్సిన పని తప్పుతుంది. క్లాసికల్ గిటార్ వాళ్ళు చేసేదీ ఇదే, కాకపోతే వాళ్ళు ఎడమ పాదం కింద ఫుట్‌స్టూల్ పెట్టి గిటార్‌ని ఎడమ తొడ మీద, మెడ పైకి లేపి పట్టుకుంటారు. అదీ ట్రై చేయి, డ్రెడ్‌నాట్‌తో కొంచెం ఇబ్బందే కానీ కొందరికి వీపు నొప్పి దాంతోనే పోతుంది. కాకపోతే ఒకే కాలు గంటలు గంటలు ఎత్తి పెడితే తుంటి దగ్గర పట్టేస్తుంది, ఇరవై నిమిషాలకోసారి లేచి తిరుగు. గిటార్ ఎక్కడ ఆనించాలి అన్న తలనొప్పి నీతో మొదలవ్వలేదులే, 19వ శతాబ్దంలో డియోనిసియో అగ్వాడో అని స్పెయిన్ గిటారిస్ట్ ఒకాయన ఒంటికి తగలకుండా గిటార్‌ని పట్టుకోడానికి ఏకంగా మూడు కాళ్ళ స్టాండే తయారు చేసుకున్నాడు.

మీ అమ్మగారి మాట తీసిపారేయను. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కచేరీలు చేసింది కిందే కూర్చుని కదా, వీణ వాళ్ళూ అంతే. కానీ మాండొలిన్ ఎంత, నీ ఓడ ఎంత. బాసింపట్టు వేసుకుని డ్రెడ్‌నాట్ ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు పక్కకి పోతాయి, గిటార్ పొట్టకీ నేలకీ మధ్య నిలబడుతుంది, కుడి భుజం మళ్ళీ పైకే లేస్తుంది. చిన్నప్పట్నుంచీ కింద కూర్చునే అలవాటుండి, కింద ఒక మందపాటి దిండు వేసుకుని, గిటార్‌కి భుజం బెల్ట్ తగిలించుకుంటే పదిహేను నిమిషాలు పర్లేదు. మంచం మీద మాత్రం వద్దు, పరుపు కుంగిపోయి వీపు విల్లులా వంగుతుంది, చాలామందికి నొప్పులు మొదలయ్యేది అక్కడే.

బెల్ట్ అన్నా కదా, కూర్చున్నప్పుడు కూడా వేసుకో. స్టేజ్ మీద నిలబడేవాళ్ళకే అనుకుంటారు అందరూ. కూర్చుని గిటార్ సరిగ్గా కుదిరాక, అదే ఎత్తులో బిగుతుగా ఉండేలా బెల్ట్ పొడవు సర్దుకో, అప్పుడు గిటార్ బరువు భుజానికి పోతుంది, ఎడమ చెయ్యి ఫ్రీ. అకౌస్టిక్‌కి వెనక ఒక బటనే ఉంటే రెండో కొసని మెడ చివర, తీగలు పుట్టే చోట నట్ అవతల, తాడుతో కట్టుకోవచ్చు.

సరే కొనడం. నీ చోటూ డబ్బూ చూసి నేను చెప్పేది ఒకటే, హ్యాండిల్స్ పైకి మడిచేసే చెయిర్ కొను. ఆఫీసు పని చేసేటప్పుడు కిందికి దించుకో, గిటార్ తీసినప్పుడు పైకి లేపెయ్, వీపు పక్కన నిలబడి ఉంటాయి అడ్డం రావు. నీ 12 వేల బడ్జెట్లో ఇలాంటివి దొరుకుతాయి. అసలు హ్యాండిల్స్ లేని చెయిర్ ఇంకా తేలిక, గిటార్‌కి అంతకన్నా మంచిది లేదు, కానీ రోజుకి తొమ్మిది గంటలు మీటింగుల్లో కూర్చునేవాడివి, మోచేతులకి ఆసరా లేకపోతే మెడ లాగుతుందని నీకు రికమండ్ చేయట్లేదు. వీళ్ళు త్రీడీ ఫోర్‌డీ అని అమ్మే హ్యాండిల్స్ ఉంటాయి, ముందుకీ వెనక్కీ పక్కకీ తిరుగుతాయి, చూడ్డానికి బాగుంటాయి, ఎంత కిందికి దించినా సీటు మీదికి లేచి ఉండనే ఉంటాయి, గిటార్‌కి అవి గోడే. దానికి ఎక్స్‌ట్రా డబ్బు పెట్టకు.

సీటు చదునుగా ఉండాలి, ముందు అంచు కిందికి గుండ్రంగా వంగి ఉండాలి, ఎందుకంటే గిటార్ వాయించేటప్పుడు నువ్వు సీటు ముందు సగంలో కూర్చుంటావ్, అంచు పలకలా ఉంటే తొడ కింద కోసుకుని కాలు తిమ్మిరెక్కుతుంది. వెనక్కి ఆనుకుని కూర్చుంటే సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య మూడు వేళ్ళు పట్టాలి, పొడుగువాళ్ళ కోసం చేసిన సీట్లలో మనకి ఆ సందే ఉండదు. షాపులో ఇంకో పని చెయ్యి, ఆ అంచు మీదికంటా జరిగి కూర్చుని ముందుకి వంగు. చెయిర్ వెనక వీల్స్ లేచినట్టు అనిపించిందా, వచ్చెయ్ అక్కడ్నుంచి, అది గిటార్‌తో సహా నిన్ను పడేస్తుంది. వెనక్కి ఊగే పుష్‌బ్యాక్‌కి లాక్ ఉండాలి, లాక్ నిటారుగా పడాలి. రెక్సిన్ కన్నా నెట్ సీటు గానీ గుడ్డ సీటు గానీ తీసుకో, మన ఎండలకి రెక్సిన్ చెమట పట్టి రెండు మూడేళ్ళలో పొట్టు రాలుతుంది, పైగా కదిలినప్పుడల్లా కీచుమంటుంది.

గిటార్‌ని షాపుకి తీసుకెళ్ళు. సిగ్గు పడకు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనే వస్తువు కాదిది నీకు. హైటెక్ సిటీలో 2018లో ఐకియా తెరిచినప్పట్నుంచీ కుర్చీల్లో కూర్చుని చూసినా మనల్ని ఎవరూ ఏమనరు అన్న ధైర్యం ఊరందరికీ వచ్చింది, అక్కడికి గిటార్‌తో వెళ్ళకపోయినా సీటు కొలతలు ఒంటికి ఎలా తెలుస్తాయో చూసుకోడానికి పనికొస్తుంది. కొనడానికి నేనైతే సెకండ్ హ్యాండ్ ఆఫీస్ ఫర్నిచర్ షాపులే చూస్తా, ఈ ఊళ్ళో కంపెనీలు మూసినా మారినా వందల కొద్దీ మంచి చెయిర్లు వాటికి చేరతాయి, కొత్తగా నీ బడ్జెట్‌కి అందని చెయిర్ అక్కడ అందుతుంది, సీటు కింద చెయ్యి పెట్టి హైడ్రాలిక్ దగ్గర నూనె కారిందేమో చూసుకో, పైకి లేపి కూర్చుని ఐదు నిమిషాలు అక్కడే కబుర్లు చెప్పు, ఈ లోపు అది మెల్లిగా కిందికి దిగిపోతే ఆ చెయిర్ వద్దు.

గిటార్ పట్టుకుని టేబుల్‌కి ఎదురుగా కూర్చోకు. మోకాళ్ళు టేబుల్ కింద పెడితే గిటార్ టేబుల్ అంచుకి కొట్టుకుంటుంది, వెనక్కి జరిగితే స్క్రీన్ కనపడక మెడ ముందుకి చాస్తావ్. చెయిర్‌ని ఎడమ వైపుకి ఒక పావు వంతు తిప్పు, అప్పుడు గిటార్ మెడ గది మధ్యలోకి వస్తుంది, టేబుల్ నీ కుడి పక్కకి వస్తుంది, స్క్రీన్‌ని కాస్త నీ వైపు తిప్పుకుని రెండు పుస్తకాల ఎత్తు మీద పెట్టుకో. నీ 10 బై 11 గదిలో అటువైపు బీరువా ఉందేమో చూసుకో, గిటార్ 41 అంగుళాల పొడవు ఉంటుంది, నా గిటార్ తల చివర ఇప్పటికీ ఒక ముక్క లేదు, ఆ కథ వేరే.

నున్నటి టైల్స్ మీద వీల్స్ ఉన్న చెయిర్, కాలితో తాళం వేసిన ప్రతిసారీ జరుగుతుంది. లాక్ ఉన్న వీల్స్ దొరుకుతాయి, లేదా వీల్స్ పీకేసి వాటి బదులు కదలని బుష్‌లు వేసుకోవచ్చు, చాలా చెయిర్లకి వీల్ పైన లోపలికి దిగే కమ్మీ 11 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, కొలిచి కొనుక్కో. నేనైతే రెండూ చేయలేదు, కింద పాత డోర్ మ్యాట్ వేశా, ఆగింది.

ఆ కిర్రు చప్పుడు చాలావరకు సీటు కింద బోల్టులు లూజ్ అవడం వల్ల వస్తుంది, అలెన్ కీ చేతిలో ఉన్నప్పుడే అన్నీ ఒకసారి బిగించెయ్, హ్యాండిల్స్ తీసేస్తే సగం చప్పుడు వాటితోనే పోతుంది. ఇంకా ఉంటే ఊగే స్ప్రింగ్ దగ్గర రెండు చుక్కలు మిషన్ ఆయిల్ వేసి చూడు. రెక్సిన్ కీచుకి దుప్పటి మడిచి వెయ్యి. రికార్డింగ్ రోజున మాత్రం డైనింగ్ కుర్చీ ఒక గంట అరువు తెచ్చుకో, అంతకన్నా నిశ్శబ్దమైన కుర్చీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాల్లో ఆ భుజం తగ్గకపోయినా, వేళ్ళు మొద్దుబారినట్టు అనిపించినా ఫిజియో దగ్గరికెళ్ళు, అది నా పరిధి దాటిపోయింది అని అర్థం.

హ్యాండిల్స్ విప్పాక బోల్టులు పారేయకు, వాటినీ హ్యాండిల్స్‌నీ కలిపి ఒక కవర్లో కట్టి అటక మీద పెట్టు, రేపు ఆ గేమింగ్ చెయిర్ అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేది అవే.